రెండోసారి ఆల్జీబ్రా

టొలీడోలో నవంబరు, ఐదున్నరకే చీకటి.
బస్సు అద్దం మీద ఆవిరిలో ఒక సమీకరణం రాసి
స్టాపు వచ్చేలోగా తుడిచేశాను.

పదకొండో తరగతి మార్కుల కాగితంలో
మూడు ఎఫ్‌లు, నలభై ఒక్క గైర్హాజరీలు.
ఆ చలికాలమంతా నేను మంచం దిగలేదన్న సంగతికి
అందులో గడి లేదు.

ఇప్పుడు కమ్యూనిటీ కాలేజీ, సాయంత్రం క్లాసు.
నా పక్కన ట్రక్కు తోలే డార్నెల్.
ఆవలింత వచ్చినప్పుడల్లా
నాకు సారీ చెబుతాడు.
నా ఈడువాళ్లు కొలంబస్‌లో స్టేడియం ముందు నిలబడి
ఫొటోలు పెడుతున్నారు. చూస్తాను. మూసేస్తాను.
మళ్లీ చూస్తాను.

కొవాల్చిక్ సారు ఇరవై ఏళ్లు
గాజు ఫ్యాక్టరీలో చేసి వచ్చిన మనిషి,
సుద్దముక్కని సిగరెట్టులా పట్టుకుంటాడు.
నా తప్పుల తడక చూసి ఓ రోజు అన్నాడు:
"కొలిమిలో ఉత్త ఇసుకే పోస్తే మొండికేస్తుంది,
పగిలిన పెంకులు కలిస్తేనే తొందరగా కరిగేది."
నా కళ్లు చెమ్మగిల్లేలోపే
"సరేగానీ, ఈ మైనస్ ఎటు పోయింది?" అన్నాడు.

నిన్న పేపరు తిరిగొచ్చింది.
డెబ్బై మూడు.
గొప్పేం కాదు, ఎవరికి చెప్పను?

రెండు స్టాపుల ముందే దిగి నడిచాను.
మౌమీ నది మీది గాలి చెవులు కోసేస్తోంది.
వంతెన దాటేలోగా
కోటు జేబులో ఆ కాగితం ఉందో లేదోనని
మూడుసార్లు తడుముకున్నాను.