బోరింగు అంగీ

చీర కోసినంక మగ్గం మీద
జానెడు పోగులు మిగులుతయి.
షావుకారు తూకమెయ్యడు, మాయాయన లెక్కబెట్టడు.
చాటల ఊడ్చి నేనే సంచిల నింపుత.

ఒక సంచి నిండె. రెండోదీ నిండె.
గట్టుప్పల్‌ల చలి పదిహేను దినాల ముచ్చట,
స్వెట్టరల్లితే తొడిగేదెవరు?
అయినా పాత గొడుగు పుల్లను బండకు రాసి రాసి
కొక్కెం చేసిన.
నా వేళ్ళు ఎట్లాగూ వంకరే గనుక
కొక్కేనికీ నాకూ జెప్పననే కుదిరింది.

మొదలు కరెంటు స్తంభానికి మోకాలి దాంక మేజోడు.
లైన్‌మన్ మౌలాలి నిచ్చెన దించి
"రెండో కాలేదమ్మా దీనికి?" అన్నడు.
తర్వాత కిలోమీటరు రాయికి టోపీ,
చెవుల దాంక దిగి
చండూరు ఎంత దూరమో కనబడకుంట పోయింది.
బడి పోరగాండ్లు ఎత్తి చూసి
మల్ల మర్యాదగ పెట్టి పోతరు.

ఆఖరుకు బోరింగు.
ఎర్ర రంగు పూసి, తాగరాదు అని రాసిపోయి
ఇరువై ఏండ్లాయె.
అంతకు ముందు రాయలే.
అంతకు ముందంతా తాగినం.

బట్టలకు ఇప్పటికీ అండ్లకెల్లే కొట్టుకుంటం.
ఎండకాలం దాని చెయ్యి పట్టుకుంటె పెనం.
దానికి అంగీ చెయ్యి అల్లిన,
జానకు జాన ముడేసుకుంట.

చిటికి పోగులు గదా,
ఏది ఏడ ఎర్రగుండాల్నో ఏడ తెల్లగుండాల్నో
రంగుల ముంచిన్నాడే దాని రాత.
నా చేతుల ఆ రాత తప్పింది:
ఏనుగు తొండం కావాల్సింది
పోయి చిలుక ముక్కు పక్కన వడ్డది.
"ఇదేం డిజైనే?" అన్నడు మాయాయన.
నీళ్ళది, అన్న.

నాలుగోనాడు అంగీ లేదు.
మేక తిన్నదన్నరు.
మేక దిక్కు చూసిన. సాక్ష్యమేం లేదు,
దాని మూతికి ఆకు పసరే ఉంది.

వారానికి రేషను లైన్ల
నా ముంగట ముత్తిలింగం.
నాకంటె రెండేండ్లు చిన్నోడు,
బళ్ళె పరుగు పందెంల ఎప్పుడూ ముందే.
ఇప్పుడు నడుము విల్లు,
మనిషి మొకం చూడాల్నంటె పక్కకు తిరగాలె.
చంక కింద కర్ర.
కర్ర చంకకు ఆనే కాడ
నా తొండం, నా ముక్కు.

ఆయన తిరగలే.
నేను పిలవలే.
కొంచెం వదులైంది, అడుగడుక్కు జారుతున్నది,
ఎడమ చేత్తో పైకి లాక్కుంటున్నడు.
బియ్యం సంచి నెత్తికెత్తుకునేలోపల
కండ్లతోనే కొలత తీసుకున్న.

రాత్రి కూసొని రెండోది అల్లిన,
కర్ర కొలతకు, రెండు వేళ్ళు బిగుతుగ.
పొద్దుగాల వోయి
బోరింగు చెయ్యికే తొడిగి వచ్చిన.
దానికి పట్టదు, సగంల ఆగింది.

ఉండనియ్యి.
ఇస్తే తీసుకునే మనిషి కాదు.
ఎత్తుకపోవాలె.