అరపేజీ మనిషి

మా మలికిపురం హాలుకి
అంతరిక్షం పడవ మీద వచ్చేది.

ఒక్కటే ప్రింటు, రెండు ఊళ్లు.
నర్సాపురంలో ఆడిన రీలు ఆడినట్టే డబ్బాలో పడి
సైకిలెక్కి రేవుకి, రేవులో పోలయ్య పడవలోకి,
సఖినేటిపల్లిలో దిగి మళ్లీ సైకిలు.
తెర మీద ఓడ
రెప్ప వేసి తీసేలోగా ఇంకో సూర్యుడి కింద తేలేది.
నాలుగో రీలు వశిష్ఠ దాటాలంటే మాత్రం
పోటు తగ్గాలి.

లైట్లు వేసేసేవారు.
"పోలయ్య ఇంకా అవతలే ఉన్నాడండోయ్!"
గేటు దగ్గర్నించి మస్తాను కేక.
ఆడవాళ్ల బెంచీలో నేను
పరికిణీ బొడ్లోంచి పుస్తకం తీసేదాన్ని.

అదే సినిమా, నవలగా.
రాజోలు అద్దె లైబ్రరీ, రోజుకి పావలా.
అట్ట మీద హీరోకి ఎవరో పెన్నుతో మీసం పెట్టారు.
తెలుగు చేసినాయన పేరు ఎక్కడా లేదు గానీ
ఎర్ర గ్రహం మీద దుమ్ము
"కళ్లంలో తూర్పారబట్టినట్టు" లేచిందని రాశాడు.
మావాడే అయ్యుంటాడు.

"ఆ రేకు మనిషి బతుకుతాడంటే?"
పీచు మిల్లు మార్తమ్మ నా భుజం గిల్లేది.
"చెప్పను" అనేదాన్ని.
చెప్పేసేదాన్ని.

మూడో భాగంలో
ఏడో ఓడ ఒకటుంది.
తెర మీద అది రెండు సెకన్లు.
అద్దం వెనక ఓ మొహం, "వస్తున్నా" అనే ఒక్క మాట,
మంట.
హీరో తప్పించుకున్నాడని హాలంతా ఈలలు.
నాదీ ఒకటి, రెండు వేళ్లు నోట్లో పెట్టి.

ఆ రాత్రి లాంతరు దగ్గర, నూట పన్నెండో పేజీలో,
ఆ మొహానికి పేరుంది.
ఒర్వాన్.
తొడుక్కున్న గ్లవ్స్ తనవి కావు, చచ్చిపోయినవాడివి,
వేళ్ల చివర వదులు.
వాళ్ల ఊళ్లో రెండు నదులు కలుస్తాయి.
చెల్లెలికి బాకీ ఉన్నాడు, ఎంతో రాయలేదు.
బెల్టు రెండుసార్లు లాగి చూసుకున్నాడు.
అరపేజీ.
ఆ తర్వాతే మంట.

మర్నాడు రెండో ఆటకి మళ్లీ వెళ్లాను.
ఏడో ఓడ వచ్చినప్పుడు వేళ్లు నోటిదాకా పోలేదు.

గాలివాన ఏడాది
మూడో రీలుకీ నాలుగో రీలుకీ మధ్య
చాలాసేపు లైట్లు వెలిగే ఉన్నాయి.
పది దాటాక మస్తాను తడిసి వచ్చాడు,
ఈసారి కేక వెయ్యలేదు.
పడవ తిరగబడిందని చెప్పాడు.

"రీలో?"
ఎవరో అడిగారు.
ఎవరో ఏంటి,
నేనే అడిగాను.

టిక్కెట్టు డబ్బులు వెనక్కిచ్చారు.
పేపర్లో మూడో నాటికి వచ్చింది, జిల్లా పేజీ అడుగున,
పచ్చళ్ల ప్రకటన పక్కన:
పడవ బోల్తా, ఒకరు గల్లంతు.

రెండు సెకన్లు.

పుస్తకం ఆఖర్న ఖాళీ కాగితం ఉంటే రాశాను.
కొల్లాటి పోలయ్య.
ఎడం చెవి వినపడదు, కుడివైపు నిలబడి పిలవాలి.
రీలు డబ్బా మీద ఎండ పడకుండా
తడిపిన తువ్వాలు కప్పేవాడు, తను బోడి నెత్తితో ఉండి.
హాలు లోపలికి ఎప్పుడూ రాలేదు.
ఓసారి రేవులో నన్నడిగాడు,
"ఇందులో ఏటుందమ్మా, ఇంతమంది కూకుని ఎదురుచూత్తారు?"
"చుక్కలు" అన్నాను.
"ఓసి, చుక్కలా! అయ్యి నాకు తెలుసుగా" అని
గెడ వేశాడు.

బాకీలేమైనా ఉన్నాయో, చెల్లెలుందో
నాకు తెలీదు.
అరపేజీకే ఆగిపోయింది.

పుస్తకం తిరిగి ఇవ్వలేదు.
లైబ్రరీ ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు.
రోజుకి పావలా,
ఇంకా నడుస్తూనే ఉంది.