వాన తడపని చోటు

పాత రెయిలింగు విప్పుతున్నప్పుడు
ఉషీయా కింద నిలబడి అడిగింది:
"ఇది పెట్టి ఎన్నేళ్లయింది?"

పదకొండు. పెట్టింది నేనే.
ఆ రెండో మాట నోట రావడానికి
రెండు బోల్టులు విప్పేంత సేపు పట్టింది.

గలీసియాలో ఈ కొండకొమ్మున
అట్లాంటిక్ గాలి ఇంటి తలుపు తట్టదు,
తలుపు బిజాగరీల్లోనే కాపురముంటుంది.
విచిత్రం చూడు,
గాలివాన నేరుగా కొట్టే వైపు
ఇనుము ఇంకా ఇనుములాగే ఉంది.
చూరు కింద, గోడ చాటున,
ఒక్క చినుకూ పడని మూల మాత్రం
బొటనవేలితో నొక్కితే
ఉల్లిపొరల్లా రాలింది.
గాలి అక్కడా ఉప్పు తెచ్చి పోస్తుంది,
కడిగే వానే రాదు.
దాచిన చోటే ముందు చెడుతుంది.
లోహం సంగతి చెబుతున్నాను,
మనుషుల సంగతి నాకు తెలియదు.

నాకు పని నేర్పిన ఎలాదియో
ముక్కని కత్తితో గీకి, అయస్కాంతం ఆనించి,
ఒక్కోసారి నాలిక్కి రాసుకుని చూసేవాడు.
"ఉప్పు తిన్నవాడికి విశ్వాసం ఉంటుందంటారు.
ఇక్కడ ఉప్పే తింటుంది రా అబ్బాయి,
దానికేం విశ్వాసం?"
అప్పుడు నవ్వాను. జస్తా పూత చాలనుకున్నాను.

ఈసారి పిట్టగోడ మీద ముక్కలు పరిచాను.
ఇది మూడొందల నాలుగు రకం స్టెయిన్‌లెస్,
వంటింట్లో మహా పెద్దమనిషి,
ఇక్కడ ఏడాది తిరక్కుండా ఒళ్లంతా టీ మరకలు.
ఇది మూడొందల పదహారు. మాలిబ్డినం కలిపారు,
ఆ పేరుకే సగం ధర పోతుంది.
కంచు ముక్కని ఆమె చెంపకి ఆనించుకుంది.
"మా నాన్న పడవ మేకులు" అంది,
ధర విని మెల్లగా కింద పెట్టింది.

"స్తంభాలు అల్యూమినియంవి వేసి
పైకమ్మీ ఒక్కటే ఖరీదుది వేస్తే?"

రెండూ మంచివే.
కాని ఒకదాన్నొకటి ఆనుకుని ఉండగా
మధ్యకి ఉప్పునీరు చేరిందా,
ఒకటి మెరుస్తూనే రెండోదాన్ని తినేస్తుంది.

"నా మొదటి పెళ్లి గురించా చెబుతున్నావు?"

బోల్టుల గురించి.
మధ్యలో నైలాన్ వాషరు వేయాలి.

"అప్పట్లో ఎవరూ చెప్పలేదు" అని
సముద్రం వైపు తిరిగి చాలాసేపు నవ్వింది.

చివరికి అన్నీ మూడొందల పదహారే.
ఆ చూరు కింది మూలకి మాత్రం
నెలకోసారి బకెట్టు మంచినీళ్లు పోయమన్నాను.
ఏ లోహం కొన్నా తప్పని పని అది.

లెక్క కాగితం మీద
నా కూలి దగ్గర సున్నా వేసి ఇచ్చాను.
ఆమె దాన్ని కొట్టేసి సగం రాసింది.
మిగతా సగం ఎవరి ఖాతాలో వేసిందో
గడ్డంతో చూపించింది:
కింద రాళ్ల మీద తెల్లగా
అది తన పని తాను చేసుకుంటోంది.

పాత బోల్టొకటి జేబులో వేసుకొచ్చాను.
ఇల్లు చేరేసరికి
జేబు లోపలంతా ఎర్రగా.