నలభై మాటలు

వార్షిక నివేదికలో ఒక్కొక్కరికీ
నలభై మాటలే చోటు.
టైపు చేసేది నేను.

హల్ష్కా గారు, అధ్యక్షురాలు:
ఇరవై ఆరేళ్లు బ్యాంకు ఆడిటరు.
గ్దీనియా రేవులో సగం కంపెనీలు
ఆవిడ ఎర్ర పెన్నుకి జడిసేవట.
ఇప్పుడు గురువారాలు
ఉతికిన మేజోళ్లు లెక్కపెడుతుంది.
జత దొరకని వాటిని పారెయ్యనివ్వదు:
"తేలని పద్దు కొట్టెయ్యకూడదు."

డాక్టర్ వింసెంటి, పళ్ల వైద్యుడు.
మిఠాయిలు మానిపించాలని తీర్మానం పెడితే
ఒక్క ఓటు పడింది, అదీ తనదే.
ఆ సాయంత్రం కేకులో పెద్ద ముక్క ఆయనే తిన్నాడు.
ఇది రాయొద్దన్నాడు.

ఆఖరున బోజిదార్.
"కస్టమ్స్ అధికారి, ముప్ఫయ్యొక్క ఏళ్లు."
అంతే రాసిచ్చాడు.
ఇంకా ముప్ఫయ్యారు మాటలు బాకీ.

ఓడ దిగిన ప్రతి పెట్టెనీ
అడక్కుండా తెరిచిన చేతులవి.

కొత్తగా వచ్చిన కుర్రాడు
పదకొండు రోజులైనా సంచి జిప్పు తియ్యలేదు,
బూట్లతోనే పడుకుంటున్నాడు.
నిన్న మీటింగు మధ్యలో లేచి
వాడి గది బయట, పిల్లల కుర్చీలో,
మోకాళ్లు గడ్డానికి ఆనేట్టు కూర్చున్నాడు బోజిదార్.
ఏమీ అడగలేదు.
కిటికీలో సముద్రం నల్లబడింది.
ఇవతల మేం బడ్జెట్ ఆమోదించాం,
కుర్చీలు సర్దేశాం.

ఎప్పటికో తలుపు సందులోంచి
ఒక దువ్వెన బయటికొచ్చింది.
తర్వాత ఒక తాళంచెవి,
ఏ ఊళ్లో ఏ ఇంటిదో.

అటూ ఇటూ తిప్పి చూశాడు.
రెండూ తిరిగి వాడి చేతిలో పెట్టి,
పాత అలవాటు కాబోలు, గొంతు సవరించుకుని
"సుంకం లేదు" అన్నాడు.