తలుపు మీది చీటీ

ఈ మేడలో పర్మనెంటు ఉద్యోగం
నీదొక్కడిదే ఎప్పో, అని ఫ్రౌకె ఓసారి నవ్వింది.
నవ్వు అయిపోయాక ఇద్దరం కాసేపు
కాఫీ యంత్రం చప్పుడు విన్నాం.

గ్రోనింగెన్‌లో, కాలవ పక్కన, మూడో అంతస్తు.
తాళాలు నావి. సుద్దముక్కలు, బల్బులు,
నీళ్లు పోని సింకు నావి.
తలుపుల మీద పేర్లు మార్చేదీ నేనే.
చట్రం ఇత్తడిది, చీటీ కాగితానిది.
ఎవరు ఆలోచించారో గానీ
బాగానే ఆలోచించారు.

రెండేళ్లు. అదృష్టముంటే మూడు.
సెప్టెంబరులో దిగుతారు,
రాళ్ల వీధిలో పెట్టె చక్రాలు టకటకలాడుతూ.
మొదట అడిగేది సైకిలు సంగతి.
ఉంది ఒకటి, ఆకుపచ్చది, గంట మోగదు.
ఎవరు కొన్నారో ఎవరికీ గుర్తులేదు.
మిల్యెన్కో దిగితే ఐనారా ఎక్కింది,
ఐనారా దిగితే ఫ్రౌకె.
సీటు ఎత్తు మారుతుంది, అంతే.
అందరికన్నా సీనియర్ ఫెలో అదే.

విచిత్రమైన మనుషులు.
వచ్చే ఏడు అద్దె ఏ దేశపు డబ్బుల్లో కట్టాలో తెలియదు,
పదకొండు కొలతల్లో మాత్రం
దారి తప్పకుండా తిరిగొస్తారు.

ఫ్రౌకెది పరాయి దేశం కాదు,
ఇక్కడికి గంట దూరంలో పాల డెయిరీ ఊరు.
పదహారు నెలలు ఒకే లెమ్మా మీద కూర్చుంది.
లెమ్మా అంటే ఏమిటన్నాను.
మెట్టు, అంది. మేడ కాదు, మెట్టు.

ఒక రాత్రి పదింటికి తాళం వేయబోతే
చీకట్లో కుర్చీలో ఉంది.
మెట్టు లేదు, అంది.
విరిగిందా?
కాదు, ఎప్పుడూ లేదు.
ఇన్నాళ్లూ గాలిలో నిలబడ్డాను.
నాకేం చెప్పాలో తోచలేదు.
రేడియేటరు మర తిప్పి లోపలి గాలి తీశాను.
అది కాసేపు బుసకొట్టి ఊరుకుంది.

నా తప్పు ఇదీ అని నాలుగు పేజీలు
తనే రాసి పత్రికకు పంపింది.
ఆ నాలుగు పేజీలకి పేరు పెట్టడానికి
వారం పట్టింది.

అర్జీలు నలభై. జవాబులు ఫిబ్రవరిలో.
‘అర్హులు చాలామంది ఉన్నారు’ అన్న మాటని
ముప్ఫై ఏడు రకాలుగా రాయొచ్చని
లెక్క తేల్చి చూపించింది.
రెండిటికి ఉలుకూ పలుకూ లేదు.
ఒకటి తగిలింది: త్రొమ్సో, మళ్లీ రెండేళ్లు.
సూర్యుడు చలికాలంలో రెండు నెలలు
సెలవు పెట్టే ఊరు.
జెల్మెర్ ఇక్కడి కాలవల్లో పడవలు బాగుచేస్తాడు.
పడవ అంత దూరం పోతుంది,
వర్క్‌షాపు పోదు.
ఆ సంగతి బోర్డు మీద ఎక్కడా రాయలేదు.

ఆగస్టు చివర చీటీ లాగాను.
బిస్కెట్ డబ్బాలో ఇది నూట పదమూడోది.
వాళ్లంతా ఏమయ్యారని అడగకండి.
ఒకడు వాన ఎప్పుడు పడుతుందో చెప్పే ఆఫీసులో.
ఒకామె బ్యాంకులో చేరి కార్డు రాసింది,
డబ్బు కూడా ఒక రకం శూన్యమేనట.
ఇద్దరో ముగ్గురో ప్రొఫెసర్లు;
వాళ్లిప్పుడు ఇంకొకళ్లకి
‘అర్హులు చాలామంది’ అని రాస్తూ ఉండాలి.

బోర్డు మాత్రం నిండుగా వదిలి వెళ్లింది,
మూలన పెద్ద అక్షరాలతో: తుడవకండి.

కొత్తమ్మాయి ఇచియార్, బాస్కు దేశం.
తడి కోటు విప్పకుండానే
బోర్డు ముందు గంటసేపు నిలబడింది.
తుడవమంటారా అన్నాను.
వద్దంది.
సుద్ద తీసుకుని, అడుగు నుంచి మూడో వరస పక్కన
చిన్న ప్రశ్న గుర్తు పెట్టింది.
అది మెచ్చుకోలో, తప్పు పట్టడమో
నాకు తెలియదు. ఫ్రౌకెకి ఫోటో తీసి పంపాను.
ఇంకా చూడలేదు.
ఆ తర్వాతే ఇచియార్ సైకిలు సంగతి అడిగింది.
సీటు రెండు వేళ్లు దించాను.

మార్చిలో నాకు అరవై ఏడు నిండుతాయి.
కింద నా గదికి చట్రం లేదు,
తలుపు మీదే రంగుతో రాశారు నా పేరు.
దాన్ని తీయాలంటే
పెయింటర్‌ని పిలవాలి.