పొడి బోరు

రాత్రంతా చందంపేట దిక్కు బండ కొట్టి
పొద్దుగాల ఇల్లు చేరుత.
దేవరకొండల అందరు చాయ తాగే యాళ్లకు
నేను కిటికీకి గోనెసంచి కట్టి పండుకుంట.

కండ్లు మూసేటప్పుడు చిన్నగనే ఉంటది,
ఏడనో గోడ సందుల ఒక్క ఇలకోడి.
రెండింటికి లేస్తే
కంప్రెషరు తలకాయలకు మకాం మార్చి ఉంటది.

లెక్క రాసిన, పాప నోటుబుక్కు వెనకట్ట మీద:
మంగళారం నిద్ర లేదు, మోత తక్కువ.
బుధారం మూడు గంటలు పండిన,
కుడి చెవి చింపుతున్నది.
నల్లగొండ డాక్టరు ఆ అట్ట చూసి నవ్వలే.
"పగలు పండుకోకు" అన్నడు.
"మరి రాత్రి బండ నువ్వు కొడ్తవా సారూ?"
కలానికి మూత పెట్టుకున్నడు.

రిగ్గు మీద ముత్యాలు అంటడు:
నీకు మోతన్న మిగిలింది,
నా ఎడమ చెవి ఎప్పుడో పూడిపోయింది.

మొన్న చిత్రియాలల ఏడొందల ఫీట్లు.
తెల్ల పొడి తప్ప చెమ్మ లేదు.
ఆ చెల్క ముసలాయన కేసింగు పైపుకు చెవి ఆనించి
తెల్లారేదాక లేవలే.
"ఏందో ఇనబడ్తుంది బిడ్డా" అంటడు.
అది ఏందో నాకు తెల్సు.
చెప్పలే.

ఇయ్యాల మధ్యాన్నం ఉలిక్కిపడి లేస్తే
బుచ్చమ్మ నా చెవికి చెవి ఆనించింది.
చాన సేపు.
ఆమె కమ్మ నా దవడకు సల్లగ తగిలింది.
"నీళ్లు పడ్డయా?" అన్న.
"లే. పొడి బోరే" అన్నది,
చెవి మాత్రం తియ్యలే.