నాలుగు కాదు, ఐదు

సంఘం చరిత్ర రాస్తామని
కుర్రాళ్లు ఇద్దరు వచ్చి కూర్చున్నారు నా ఎదుట.
తీర్మానాలు చెప్పమన్నారు, అధ్యక్షుల పేర్లు చెప్పమన్నారు.
నేను గుమాస్తాను నాయనా,
నాకు గుర్తున్నది చిల్లర.

టిఫ్లిస్‌లో, ఎండ పడని వీధిలో రెండు గదులు.
ఒకదాంట్లో పుస్తకాలు,
ఇంకోదాంట్లో పుస్తకాలకు డబ్బుల్లేవన్న చర్చ.
కిటికీ పగులుకి అంటించిన కాగితం మీద
మా ముప్ఫై మూడు అక్షరాలూ ఉండేవి,
అచ్చుతప్పు పడి పనికిరాని వాచకం తాలూకు పేజీ.
చలిగాలి లోపలికొస్తూ
వాటిని చదువుకునే వచ్చేది.

చందా పుస్తకం నా చేతిలో.
కాఖేతి నుంచి ఒక పూజారి: మూడు రూబుళ్లు, ఒక జాడీ తేనె.
(తేనె కార్యదర్శి తిన్నాడు. అదీ రాశాను.)
గూరియా నుంచి ఒక వితంతువు: పెళ్లినాటి వెండి నడికట్టు.
తూకం వేసిన చేతులివి.
నలభై పలకలూ, ఒక చలికాలానికి కట్టెలూ అయింది ఆ నడుము.
పేరు రాయొద్దన్న గొర్రెల కాపరి: ఉన్ని.
ఎంతో గుర్తులేదు, తడిసి వచ్చింది.

అప్పట్లో సర్కారు బడిలో
మా మాట నోరుజారిన పిల్లాడి మెడలో
చెక్కముక్క వేలాడదీసేవారు.
సాయంత్రానికి అది ఎవరి మెడలో ఉంటే వాడికి బెత్తం.
నా మెడలోనూ ఊగింది.
తప్పించుకోవడానికి ఒకటే దారి:
అమ్మభాషలో మాట్లాడే ఇంకొకణ్ని పట్టివ్వడం.
పట్టిచ్చాను. బెసరియోన్ వాడి పేరు.
కాలు తొక్కాను, "వాయ్ దేదా" అన్నాడు.
దేదా అంటే అమ్మ.
పాతికేళ్లు ఈ గుమాస్తాగిరీ ఎందుకు చేశావంటే
ఇదే చెప్పాలి. రాసుకోండి. లేదా వద్దు.

మెలానో సంగతి రాసుకోండి.
గంధకపు నీళ్ల స్నానశాలలో
ఒళ్లు రుద్దే పని ఆవిడది.
నెలకొకసారి మెట్లెక్కి వచ్చేది.
మనిషికన్నా ముందు గంధకం వాసన వచ్చేది.
నానిపోయిన వేళ్లతో ఐదు కొపెక్కులు లెక్కపెట్టి
పేరుకెదురుగా సిలువ గీసేది.
పిల్లల్లేరు కదా, ఎందుకిస్తావంటే
"నా డబ్బు. నీకెందుకు?" అనేది.

పెద్దవాళ్లకి ఆదివారం బడి పెట్టాం.
వెనక బెంచీ మీద ఆవిడ, రెండు చలికాలాలు.
అక్షరాలు మావి గుండ్రనివి, ద్రాక్షతీగ కొసల్లా.
సబ్బు నురగలో, రుద్దుతున్న వీపుల మీద
వేలితో దిద్దుకుందట.
టిఫ్లిస్ వర్తకులెందరో
తెలియకుండానే వర్ణమాల మోసుకుని ఇంటికెళ్లారు.

ఒక మార్చిలో, మంచు కరిగి మెట్లు బురదయినప్పుడు
వచ్చి పుస్తకం నా చేతిలోంచి లాక్కుంది.
వేలు పెట్టి, పెదాలు కదుపుతూ,
కిందికి, ఇంకా కిందికి,
ఆగింది.
"ఓక్రోపిర్, అక్షరాలా నాలుగని రాశావు.
నేనిచ్చింది ఐదు."

మూడేళ్ల కిందటి నవంబరు. నా చేతిరాతే.
చలికి కొంకర్లు పోయిన చేయి అనుకుందాం.
ఆ ఒక్క కొపెక్కు ఎటు పోయిందో
ఈనాటికీ నాకు తెలియదు.
తెలుసేమో.
ఎర్ర సిరాతో దిద్దాను.
పక్కన ఈసారి సిలువ కాదు, పేరు పెట్టింది.
'ల' అద్దంలోలా తిరగబడి ఉంది.

ఆ ఏడు సర్వసభ్య సమావేశంలో నివేదిక చదివారు,
ఇన్ని బడులు, ఇన్ని ప్రతులు, చప్పట్లు.
వెనక బెంచీకి చదువొచ్చి
మా లెక్కే పట్టుకుందని అందులో ఎక్కడా లేదు.

తర్వాత కొత్త సర్కారు వచ్చింది.
చదువు చెప్పడం ఇక మా పని అంది.
గదులకు తాళం. పుస్తకాలు బండెక్కాయి.
చందా పుస్తకమేదని బండివాడు అడిగితే
కట్టెలతో పాటు కాలిపోయిందన్నాను.

ఇదిగో, దిండు కింద ఉంది.
ముందు వాసన చూడండి.
చదవడం తర్వాత.